గుమ్మడికాయకు మొన కత్తి

కొలిమి ముందు స్టూలు మీద కూర్చున్న వెంకటనరసమ్మ చెప్పిందే మళ్ళీ చెప్పింది. "మొన సూదిగా ఉండాలి. వెనక అంచు మాత్రం మొద్దుగానే ఉంచు."

గుండుగొలనులో కత్తులు చేసే జోగారావు నవ్వాడు. "వంటింటి కత్తికి మొన దేనికండీ మామ్మగారూ? గుచ్చుకుంటుంది. గుండ్రంగా తిప్పేస్తాను. కావాలంటే వెనక కూడా సాన పడతాను. ఒక వైపు అరిగితే రెండో వైపు వాడుకోవచ్చు."

"రెండు వైపులా పదునైతే నా అరచెయ్యి ఎక్కడ ఆన్చుకోను? నీ నెత్తి మీదా?"

"ఇంతకీ ఏం కోస్తారండీ?"

"బూడిద గుమ్మడికాయ."

సుత్తి ఆగింది. "అది మగవాళ్ళు కదండీ కొట్టాలి! ఆడవాళ్ళు ముందు కత్తి పెడితే ఇంటికి కీడంటారు."

ఆ కీడుకు భయపడే, భర్త పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఏటా మరిది పాండురంగారావు కోసం కాచుకునేది. ఆయన వచ్చి కాయ కొడితేనే ఆవిడ వడియాలు పెట్టుకోవాలి. ఈ వేసవిలో "రేపొస్తాను వదినగారూ" అంటూనే ఆయన ఏలూరులో పనులు చక్కబెట్టుకుంటున్నాడు. ఆ మాట నమ్మి నానబోసిన మినప్పప్పు పులిసి కాలవపాలైంది. గిన్నె కడుక్కుంటున్నప్పుడే ఆవిడ నిశ్చయించుకుంది, ఈసారి కాయ తనే కోస్తానని.

"చేసిస్తావా, తాడేపల్లిగూడెం పోనా?"

"అంత కోపమైతే ఎలాగండీ? కూర్చోండి," అన్నాడు జోగారావు. అడిగినట్టే చేసిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వసారాలో గోనెపట్టా పరిచి, కాయ దొర్లకుండా కుదురుగా పెట్టింది. మొన ఆనించిందో లేదో, వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడు.

"ఆగండాగండి వదినగారూ! వచ్చేశాను కదండీ! ఇంటికి కీడు!" పాండురంగారావు పరుగున వచ్చాడు.

ఆవిడ మొన తియ్యలేదు.

"ఇన్నేళ్ళూ మగవాళ్ళే కొట్టారు కదా, పాండురంగం. మీ అన్నయ్య ఉన్నారా?"



ఆవిడ మొనను కాయలోకి దించింది. రెండు అరచేతులూ మొద్దు అంచు మీద ఆన్చి, మోకాళ్ళ మీద లేచి, ఒంటి బరువంతా మోపింది. కాయ కిర్రుమంది. ఇంకాస్త మోపేసరికి ఫెళ్ళున రెండు చెక్కలైంది. అరచేతులు తిప్పి చూసుకుంది. ఎర్రటి గీత తప్ప నెత్తురు చుక్క లేదు.

"కూర్చో," అని ఒక చెక్క మరిది వైపు నెట్టింది. "సన్నగా తరుగు."

"నేనాండీ?"

"మగవాళ్ళు ముక్కలు తరిగితే కీడని ఎవరూ చెప్పలేదుగా!"