మూడో పిలుపు

నేను ఒక సూట్‌కేసును. చక్రాలు లేని కాలం నాటి దాన్ని. ఇక్కడ నా చుట్టూ ఉన్నవన్నీ నాలుగేసి చక్రాల మీద ఎటు తోస్తే అటు తిరిగే రకం. వాటి మధ్య నేను ముదురు నీలం రంగుతో, రెండు ఇత్తడి తాళాలతో, పెళ్ళికి పిలవకుండా వచ్చిన పెద్దమనిషిలా నిలబడి ఉన్నాను. ఉండేది ఈజిప్టులో, ఎర్రసముద్రం ఒడ్డున ఒక చిన్న విమానాశ్రయంలో. ఊరి పేరు చెప్పినా మీకు తెలియదు. సముద్రస్నానాలకు వచ్చే దొరల కోసం ఎడారిలో హోటళ్ళు కట్టారు, ఆ హోటళ్ళ కోసం ఈ విమానాశ్రయం కట్టారు.

మీరెప్పుడైనా ఇటు వస్తే కంగారు పడకండి, ఇక్కడి తంతు చెబుతాను. దిగగానే ఒక కిటికీలో డబ్బు కడితే వీసా బిళ్ళ చేతిలో పెడతారు, దాన్ని పాస్‌పోర్టులో అంటించుకుని ఇంకో కిటికీలో ముద్ర వేయించుకోవాలి. సామాన్ల బెల్టు ఒక్కటే ఉంటుంది, దాని మీద మీ పెట్టె కంటే ముందు ఒక పిల్లి వస్తుంది. మీ పెట్టెను మీకంటే ముందు ఎవరో ఒకాయన అందుకుంటాడు. అది ఆదరమనుకుంటారు మీరు, బక్షీసు అడిగాక తెలుస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు గుమ్మంలోనే చెప్పులు, బెల్టు విప్పించి పెట్టెను మిషన్‌లోకి తోస్తారు. అన్నీ తొడుక్కుని పది అడుగులు వేశాక మళ్ళీ అన్నీ విప్పిస్తారు. పాలిపోయిన మొహాలతో దిగిన దొరలు వారం తిరిగేసరికి ఉడికిన రొయ్యల్లా ఎర్రబడి, ప్లాస్టిక్ పిరమిడ్లు కొనుక్కుని వెళ్ళిపోతారు. ఇవన్నీ ఏ గైడైనా చెబుతాడు.

గైడు చెప్పనిది ఒకటుంది. లోపలి నుంచి విమానం దాకా నడిచే దారిలో, పసుపు గీత పక్కన ఒక చోట సామాన్ల బండ్లు కొంచెం పక్కకు తిరిగి వెళతాయి. అక్కడ గుంట లేదు, రాయి లేదు. అయినా ఏ డ్రైవరూ ఆ చోటు మీదుగా బండి పోనివ్వడు. ఎందుకో నాకు తెలుసు. దానికి ముందు నా సంగతి కొంత చెప్పాలి.

నేను పుట్టింది పుణె అవతల ఒక ఫ్యాక్టరీలో. గుంటూరులో ఒక షాపు గోడకు వేలాడుతుంటే భావనారాయణ మాస్టారు నన్ను కొన్నారు. ఆయన బాపట్ల హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. కొన్నది ఆయనే గాని ఆయన కంటే నేనే ఎక్కువ తిరిగాను. వీధిలో ఎవరికి ప్రయాణం తగిలినా "మాస్టారి పెట్టె" అని వచ్చి పట్టుకుపోయేవాళ్ళు. తలనీలాలు ఇచ్చేవాళ్ళతో తిరుపతి వెళ్ళాను. ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళతో వేలూరు వెళ్ళాను. ఒక కొత్త పెళ్ళికూతురితో కాపురానికి కూడా వెళ్ళాను, ఆ ఇంట్లో నా మీద బియ్యం బస్తా పెట్టారు. అరువు పెట్టెలో సామాను ఎలా కూరతారో మీకు చెప్పక్కర్లేదు, ఇద్దరు మనుషులు ఎక్కి కూర్చుంటే గాని నా తాళాలు పడేవి కావు.

ఒకసారి ఏడాది దాటినా నేను ఇల్లు చేరకపోయేసరికి మాస్టారికి ఒళ్ళు మండింది. నన్ను వెతికి తెప్పించి, షాపుల బోర్డులు రాసే పెయింటరు చేత నా మూత మీద తెల్లరంగుతో తన పేరు, ఊరు రాయించారు. పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో. "ఇక ఏ లోకానికి పోయినా పేరు చూసి తెచ్చిస్తారు" అన్నారు.

ఆ పేరు వీధిలో అందరూ చదివేవారు, ఇంట్లో ఉన్న ఒక్క మనిషి తప్ప. మాస్టారి భార్య శేషారత్నమ్మ గారు భర్త పేరు నోటితో అనకూడదని పెరిగిన మనిషి. రేషన్ షాపులో ఇంటాయన పేరు అడిగితే పక్కనున్నవాళ్ళ చేత చెప్పించేది. నా దుమ్ము తుడిచేటప్పుడు ఆ తెల్ల అక్షరాల దగ్గర చెయ్యి కాస్త నెమ్మదించేది గాని పెదవి కదిలేది కాదు. ఆయన్ని పిలవాలంటే ఆవిడకు ఉన్నది ఒకటే మాట, "ఏవండీ". ఆ మాటలోనే కోపం, నవ్వు, అన్నానికి పిలుపు అన్నీ ఇమిడిపోయేవి.

మాస్టారికి ఒక అలవాటు ఉండేది. రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద నన్ను నిలబెట్టి నా మీద కూర్చునేవారు. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి నా పిడి మీద. మైకులో మాట వినబడితే చాలు, వేళ్ళతో నా పక్కన టకటకా కొట్టేవారు. తన రైలు వచ్చినప్పుడు పిడిని గట్టిగా నొక్కి లేచేవారు. మనిషి బక్కపలుచనే గాని ఆ బరువు నాకు బాగా గుర్తు.

ఎర్రసముద్రం ఎర్రగా ఉంటుందా మాస్టారూ అని ఏటేటా ఎవరో ఒక పిల్లవాడు లేచి అడిగేవాడట. చూసి వచ్చి చెబుతానురా అనేవారట. ఉద్యోగం ముగిశాక నిజంగానే గుంటూరు నుంచి బయలుదేరే టూరులో ఇద్దరికీ సీట్లు రాయించారు. కారప్పొడులు, చింతకాయ పచ్చడి, ఆయన నాలుగు చొక్కాలు, ఆవిడ చీరలు మోసుకుని నేను ఈ బెల్టు మీదే, పిల్లి వెనకాలే దిగాను.

మర్నాడు పొద్దున మాస్టారు నడుము లోతు నీళ్ళలోకి దిగి, వెనక్కి తిరిగి, "రత్నం, నీలంగా ఉందే!" అని అరిచారట. ఆ తరవాత పడిపోయారు. అంబులెన్సు వచ్చేదాకా ఇసకలో పడుకోబెట్టారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. శేషారత్నమ్మ గారు నమ్మలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నది ఆవిడ, చెయ్యి వెచ్చగా ఉంది.

టూరులో మిగతావాళ్ళు ముందుకు సాగిపోయారు. టూరు నడిపే వీరాంజనేయులు ఒక్కడే ఆవిడకు తోడుగా ఆగాడు. కాగితాల పని తెమలడానికి రోజులు పట్టింది. హోటల్ గదిలో ఆవిడ నన్ను దగ్గరకు లాక్కుని, ఆయన చొక్కాలు సర్దుతూ అదే మాట అనేది.

"ఒళ్ళు వెచ్చగానే ఉంది నాయనా. పోయినోళ్ళ ఒళ్ళు అట్టా ఉంటుందా?"

"అమ్మా, ఈడ ఎండకి ఇసకే కాలతంది. దాని మీద పడుకోబెడితే వెచ్చగా ఉండదా?" అనేవాడు వీరాంజనేయులు, తల వంచుకుని.

ఆవిడ చెవికి ఎక్కలేదు. ఆవిడ మళ్ళీ ముట్టుకోకముందే ఆయన్ని చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టేశారు. అందుకని ఆవిడ చేతిలో ఆ వెచ్చదనమే మిగిలిపోయింది.

బయలుదేరే రోజు మిట్టమధ్యాహ్నం. కైరో వెళ్ళే చిన్న విమానం, బయట ఎండలో నడిచి వెళ్ళి ఎక్కాలి. సామాన్ల బండి మీద మాస్టారి చెక్కపెట్టె పెట్టి, దాని మీద తల వైపు నన్ను పెట్టారు. ముందు ట్రాక్టరు మీద మహ్రూస్ అనే కుర్ర డ్రైవరు. వెనక నడుస్తూ ఇద్రీస్, జుట్టు నెరిసిన లోడరు. వాళ్ళ భాష నాకెలా తెలుసని అడగకండి, అన్ని దేశాల పెట్టెల మధ్య ఉంటే అన్నీ వస్తాయి.

వరసలో నడుస్తున్న శేషారత్నమ్మ గారు బండిని చూసింది. వరస వదిలి బండికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"దించండి నాయనా. ఒక్కసారి కింద దించండి."

వీరాంజనేయులు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఇది మనూరు కాదమ్మా. ఆళ్ళు ఒప్పుకోరు."

"దింపుడు కళ్ళం లేకుండా ఎట్టా పంపుతాం? చెవిలో పిలవకుండా ఎట్టా పంపుతాం చెప్పు! పిలిస్తే లేచినోళ్ళు లేరా?"

మన దగ్గర పాడెను దారి మధ్యలో ఒకచోట దించుతారు. అయినవాళ్ళు చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతుందని. మూడో పిలుపుకూ పలకకపోతేనే ఆ మనిషి పోయినట్టు. ఆ పిలవడం ఆడవాళ్ళ వంతు కాదు, కాని అక్కడ ఆవిడ తప్ప అయినవాళ్ళు ఎవరున్నారు?

మహ్రూస్ విసుక్కున్నాడు. ఇద్రీస్ చెయ్యెత్తి ట్రాక్టరు ఆపించాడు. "మనం సమాధి దగ్గర కూర్చుని పోయినవాళ్ళతో మాట్లాడమా? వీళ్ళు దారిలో మాట్లాడతారు కాబోలు. మాట్లాడనీ" అన్నాడు. చెక్కపెట్టెను దించడం కుదరదని సైగ చేసి, నన్ను మాత్రం ఎత్తి పసుపు గీత పక్కన కింద పెట్టాడు. తల ఎటుందో చేత్తో తట్టి చూపించాడు.

ఆవిడ చెక్కకు చెంప ఆనించింది.

"ఏవండీ."

ఎండలో చెక్క చిటపటమంది. మేమందరం ఆగి విన్నాం, మహ్రూస్ కూడా.

"ఏవండీ!"

ఏమీ లేదు. ఆవిడ తలెత్తింది. కళ్ళు నా మూత మీద పడ్డాయి, ఆ తెల్ల అక్షరాల మీద. ఏవండీ అంటే పలకని మనిషి పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడేమోనని ఆవిడకు తోచింది. నేను ప్రమాణం చేసి చెబుతాను. పెదవి కదిలింది. మొదటి అక్షరం దగ్గర ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని పేరు ఎండిపోయిన నోట్లో నుంచి రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. అప్పుడే విమానం రెక్కల దగ్గర పంకాలు తిరగడం మొదలైంది, ఎవరో అటునుంచి అరిచారు, మహ్రూస్ ఉలిక్కిపడి ట్రాక్టరు లాగేశాడు. ఆవిడ చెంప కింద నుంచి చెక్కపెట్టె జారిపోయింది.

వీరాంజనేయులు ఆవిడ భుజం పట్టుకుని నడిపించుకుపోయాడు. నా పక్కనుంచి వెళుతూ ఆవిడ అంది, "రెండుసార్లే పిలిచాను నాయనా. మూడోది పేరెట్టి పిలుద్దామనుకున్నా. నోరు రాలా."

విమానం వెళ్ళిపోయింది. నన్ను అందరూ మరిచిపోయారు. ఖాళీ అయిన ఆ కాంక్రీటు మీద, ఎండలో, నేను ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. అప్పుడు ఎవరో వచ్చి నా మీద కూర్చున్నారు.

ఒక చెయ్యి నా పిడి మీద పడింది. ఆ బరువు ఎవరిదో నాకు చెప్పాల్సిన పని లేదు. నాకు భయం వేసింది. నాలుగు చొక్కాలు, కొన్ని చీరలు ఉన్న పెట్టెను లోపలికి తేవడానికి ఇద్రీస్ నానా తంటాలు పడ్డాడు. దారిలో రెండుసార్లు దించాడు. "ఇందులో రాళ్ళు పెట్టారా?" అన్నాడు. ఆ సాయంత్రం నుంచే బండ్లు ఆ చోటు తప్పించుకుని పోవడం మొదలైంది. ముందు తప్పించింది మహ్రూసే.

దిక్కులేని సామాన్ల గదిలో నన్ను నిలబెట్టారు. విమానాల వాళ్ళు ఫోన్ చేస్తే వీరాంజనేయులు బాపట్లలో అడిగి చెప్పాడట, పోయినవాళ్ళ పెట్టె ఇంటికి తేవడం మంచిది కాదని పెద్దవాళ్ళు వద్దన్నారని. మనుషులు పోయినవాళ్ళ కోసం గుండెలు బాదుకుని ఏడుస్తారు, వాళ్ళ చొక్కాలకు భయపడతారు.

అక్కడ ఎన్నాళ్ళున్నానో లెక్కపెట్టలేదు. పిల్లులు గుమ్మం దాకా వచ్చి, నా వైపు చూసి, వెనక్కి పోయేవి. మైకులో విమానం సంగతి చెప్పినప్పుడల్లా నా పక్కన వేళ్ళు టకటకమనేవి. తరవాత ఆగిపోయేవి. లేవడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు. పిలిచేవాళ్ళు లేరు. మాస్టారూ, రైలు వెళ్ళిపోయింది అని చెప్పాలని ఎంత ఉన్నా పెట్టెకు నోరేది? ఆయన నా మీద, నేను ఆ మూల.

కిందటి వారం ఆ గదిని ఖాళీ చేయమన్నారు. సామానంతా పాత ఇనుము కొనేవాడికి పోతుందట. మోయడానికి ఇద్రీస్ వచ్చాడు, ఇంకా ముసలివాడయ్యాడు. చక్రాల పెట్టెలన్నీ బయటికి తోసి, చివరికి నా దగ్గర నిలబడ్డాడు. పిడి పట్టుకుని ఎత్తబోయాడు. నేను కదల్లేదు.

వంగి, నా మూత మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు. "ఆ అమ్మ పెట్టె" అన్నాడు తనలో తను. "పాపం, ఇంకా ఏదో చెప్పబోయింది. మేం చెప్పనివ్వలేదు." సామాన్ల చీటీలు చదివిన అలవాటుతో, ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. తరవాత నా దగ్గరగా ముఖం పెట్టి, సమాధి దగ్గర మాట్లాడే గొంతుతో, ఆవిడ అనలేకపోయిన పేరును పైకి పిలిచాడు.

"బావనారాయన్."

వేళ్ళు టకటకమనలేదు. నా పిడిని గట్టిగా నొక్కి ఆయన లేచారు. రైలు వచ్చినప్పుడు లేచినట్టే. ఇద్రీస్ చేతిలో ఉన్న పిడి దానంతట అది కిందికి దిగి పైకి లేచింది. అతను దాన్ని వదల్లేదు, దేవుణ్ణి తలుచుకుని, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు ఒదిగాడు. కాసేపాగి నన్ను ఎత్తాడు. ఒంటి చేత్తో ఎత్తాడు.

ఇప్పుడు పాత ఇనుము లారీ కోసం గోడ పక్కన ఎండలో ఉన్నాను. ఇక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది, నీలంగానే ఉంది. నా మీద ఎవరూ లేరు.

మీలో బాపట్ల వైపు వెళ్ళేవాళ్ళు ఉంటే, శేషారత్నమ్మ గారు ఉంటే, ఒక మాట చెప్పండి. మూడో పిలుపు అందిందని, ఆయన లేచారని. వద్దు, చెప్పకండి. ఆ రోజు పేరు పెట్టి పిలిచి ఉంటే లేచేవారన్న మాట ఆవిడ ఎక్కడ మోస్తుంది? నేనైతే పెట్టెను, మోయగలను.