ఇంటి సాళ్లు

రైతులు ఎర్రనల్లిని చంపడానికి మందు కొంటారు. నేను దాన్ని పెంచడానికి ఫెలోషిప్పు తీసుకున్నాను. ఆ మాట చెబితే విజయవాడలో మా చుట్టాలంతా నవ్వేవాళ్లు.

నల్లి సాలీడుకు బంధువే. కాకపోతే కోట్ల ఏళ్లలో ఒంటి ఖండాలను ఒకదాంట్లో ఒకటి కలిపేసుకుని కంటికి ఆననంతగా కుదించుకుపోయింది. గుడ్డులోంచి ఆరు కాళ్లతో వస్తుంది, ఒకసారి చర్మం విడిచాక ఎనిమిదవుతాయి. ఆ చివరి జత గుడ్డులోనే మొలక వేసి ఆగుతుందా, బయటికొచ్చాకే మొదలవుతుందా అన్నది నా పరిశోధన. కాళ్లు మొలిపించే జన్యువు పనిచేసే చోట పిండం నీలంగా మారేలా రంగు ఎక్కించాలి. రెండేళ్ల పాటు గుడ్లు పగిలిపోతూనే ఉన్నాయి. 2006 మార్చిలో పద్ధతి కుదిరింది. కుదిరిన వారమే కరెంటు పోయి, ఏసీ ఆగి, ల్యాబులో పెంచిన నల్లులన్నీ చచ్చాయి. శుక్రవారం కమిటీకి ఫొటో చూపించకపోతే ఫెలోషిప్పు పొడిగించరు, నా చదువు అక్కడితో సరి.

పామర్రు దగ్గర వెంకటప్పయ్య బాబాయిగారి బెండతోటలోనే మొదట్నుంచీ నల్లులు ఏరుకునేదాన్ని. వెళ్లినప్పుడల్లా సంచినిండా నవనవలాడే కాయలు కూడా ఇచ్చి పంపేవారు. ఆయనకు ఫోన్ చేసి మంగళవారం వస్తానని, మా గైడు కృపానందం సారు కూడా వస్తున్నారని చెప్పాను. తీరా సారు రానేలేదు. నేను బస్సు దిగి తోటలోకి వెళ్లేసరికి మందు వాసన గుప్పుమంది.

"పెద్దసారు వస్తన్నారంటిరి గదమ్మా. చేనంతా నల్లి పట్టి కనపడితే ఏం మర్యాద? పొద్దున్నే కొట్టేశా," అన్నారాయన.

నాకు నోరు దురుసు. మీ మర్యాద నా రెండేళ్లను మింగిందని అనేశాను. ఆయన తలొంచుకుని నిలబడ్డారు. గట్టు మీద కూలబడి ఏడ్చాను.

రాజ్యలక్ష్మి పిన్నిగారు నా పక్కన కూర్చుని, భర్త వైపు చూడకుండా, మెల్లగా అన్నారు: "దొడ్లో రెండు సాళ్లున్నయ్యమ్మా. ఇంట్లో తినేటియ్యి. వాటికి మేం మందు కొట్టం."

బాబాయిగారు ఇంకా కిందికి చూశారు. ఇన్నాళ్లూ నా సంచిలోకి వచ్చిన నవనవలాడే కాయలు ఏ సాళ్లవో నాకప్పుడు తెలిసింది. కానీ కోపం రాలేదు. దొడ్లోకి వెళ్లి ఆకు తిప్పితే కిందంతా నల్లులు, గుడ్లు. ప్రాణం లేచొచ్చింది.

గురువారం సాయంత్రం మైక్రోస్కోపు కింద లేత గుడ్లలో మూడు జతల నీలం మొలకలు కనిపించాయి. వాటి వెనక, మసకగా, ఇంకో రెండు చుక్కలు. ముదిరిన గుడ్లలో ఆ చుక్కలు లేవు. మొలక వేసింది, ఆగింది. కమిటీ రెండేళ్లు పొడిగించింది.

ఆదివారం స్వీట్లు పట్టుకుని పామర్రు వెళ్లి, ఆ రోజు అన్న మాటకు క్షమించమన్నాను. బాబాయిగారు నేను తెచ్చిన ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశారు. లోపలికెళ్లి సంచి తెచ్చి నా చేతికిచ్చారు. వంకర కాయలు, మచ్చలు, చిల్లులు.

ఇంటి దగ్గర మా అమ్మ పుచ్చులు ఏరుతూ, ఈసారి ఇంత పాడు కాయలిచ్చారేంటని అడిగింది. వాళ్ల దగ్గర ఇంతకంటే మంచివి లేవని చెప్పాను.