బిడ్డ దాకా రానియ్యలేదు
అమల కళ్లు మూడోసారి పచ్చబడ్డాయి. అత్త తిరుమలమ్మ ఆమెకు కంచం, లోటా వేరుగా పెట్టింది.

"పథ్యం సరిగ్గా సెయ్యలే నువ్వు. అందుకే మళ్లా మళ్లా వస్తా ఉండాది."

పాకాలలో జాకెట్లు కుట్టే అమలకు పందొమ్మిదో ఏట తొలిసారి కామెర్లు వచ్చాయి. పసరు మందు తాగి, నెల్లాళ్లు చప్పిడి మజ్జిగన్నం తింటే తగ్గాయి. పెళ్లయిన ఏడాదికి మళ్లీ వస్తే, భర్త మునికుమార్ పట్టుబట్టి తిరుపతిలో డాక్టరు కృపామణి దగ్గరికి తీసుకెళ్లాడు. రక్తపరీక్షలో హెపటైటిస్ బి అని తేలింది. రోజుకొక మాత్ర రాసిచ్చింది డాక్టరు. ఎనిమిది నెలలు మింగిన అమల, ఒళ్లు బాగైంది కదా అని తనంతట తానే ఆపేసింది.

ఈసారి అత్తను కూడా వెంటబెట్టుకుని వెళ్లింది.

"మాత్ర ఆపినావా?" కృపామణి మొదటి మాట అదే.

"బాగుండాను కదా అని ఆపేసినా మేడం."

"మాత్ర వేసుకుంటే వైరస్ అణిగి ఉంటుంది. ఆపితే లేస్తుంది. నీకు మూడు జబ్బులు రాలేదమ్మా, ఒకటే లివర్‌లో కూర్చుని మూడుసార్లు లేచింది. మీ అమ్మకు ఇట్లాంటిది ఉండిందా?"

అమల తల్లి పొట్ట ఉబ్బి, నలభై నిండకుండానే పోయింది.

"పుట్టేటప్పుడు ఆమె నుంచే వచ్చి ఉండొచ్చు. పథ్యం తప్పడం వల్ల వచ్చింది కాదిది."

తిరుమలమ్మ గొంతు సవరించుకుంది. "ఒకే కంచంలో తింటే అంటదా మేడం?"

"తిండితో అంటదు. రక్తంతో, మొగుడూ పెళ్లాల మధ్య, కాన్పులో బిడ్డకు అంటుతుంది. మీ కొడుక్కి పరీక్ష చేసి టీకా వేయిద్దాం."

ఇంటికొచ్చాక తిరుమలమ్మ అందరి కంచాలూ ఒకే తొట్టిలో వేసి తోమింది.

మునికుమార్‌కు వైరస్ లేదు. టీకా వేయించుకున్నాడు. రెండేళ్లకు అమల నెల తప్పింది. మళ్లీ మొదలుపెట్టిన మాత్ర ఒక్కపూట కూడా మానలేదు. బిడ్డ పుట్టిన పన్నెండు గంటల్లోపే టీకాతో పాటు, వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇంకో సూది కూడా పడాలని కృపామణి కాగితం మీద రాసిచ్చింది.

నొప్పులు ఇరవై రోజులు ముందే వచ్చాయి. చిత్తూరులో బంధువుల ఇంట్లో ఉన్న అమలను అక్కడే ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. ఉదయం ఏడింటికి ఆడపిల్ల పుట్టింది. టీకా వేశారు. రెండో సూది అక్కడ లేదు. అమల కాగితం చూపించి, "అది పడేదాకా నాకు నిమ్మళం లేదు," అంది. మునికుమార్ బండి తీసి తిరుపతికి పోయి, సూదిని ఐస్ పెట్టెలో పెట్టుకుని, పూతలపట్టు మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటకు తిరిగొచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. బిడ్డ తొడకు సూది పడ్డాకే అమల కాఫీ తాగింది.

మిగతా టీకాలు తేదీ తప్పకుండా వేయించారు. ఏడాది నిండాక పాపకు రక్తపరీక్ష చేశారు. కృపామణి రిపోర్టు చూసి నవ్వింది.

"వైరస్ లేదు. టీకా బాగా పట్టింది."

"ఇంకోసారి సదవండి మేడం."

డాక్టరు మళ్లీ చదివింది. అమల కళ్లు తుడుచుకుని అడిగింది. "నా సంగతి?"

"నీ మాత్ర నువ్వు మింగాల్సిందే. ఆర్నెల్లకోసారి పరీక్షకు రావాలి."

"వస్తా మేడం. ఇంగ ఆపను."

పాకాల బస్సులో పక్క సీటామె పాపను చూసి ముచ్చటపడి, పేరేమని అడిగింది. తిరుమలమ్మ పేరు చెప్పి ఊరుకోలేదు.

"దీనికి లివర్ జబ్బు రాకుండా మా కోడలు కాసుకునింది," అని మొదలుపెట్టి, చంద్రగిరి దాటేదాకా చెబుతూనే ఉంది.