వచ్చే మోడల్

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని కూతురి మంచం పక్కకు చేరడం, ఫోన్లో ఆ రోజు పుట్టిన పుకార్లన్నీ చదివి వినిపించడం ఆయనకు ఈమధ్య రెండో ఉద్యోగమైపోయింది. అసలు ఉద్యోగం లిఫ్టు మెకానిక్కు.

"జడ్జిగారూ, ఇవాళ్టి సంగతి విన్నారా? ఫ్యాక్టరీలో పనిచేసేవాడెవడో ఫొటో బయటపెట్టాడంట. గేమ్ మెషీను కొత్త మోడల్లో స్టోరేజీ రెట్టింపు. డిస్క్ డ్రైవ్ విడిగా వస్తుందంట. కావాలంటే తగిలించుకోవచ్చు, వద్దంటే పీకేయొచ్చు."

"ఫొటోలో ఏముంది నాన్నా?"

"నల్లగా ఏదో ఉంది."

"మన పెనం కూడా నల్లగానే ఉంటుంది. సాక్ష్యం చెల్లదు."

ఆయన పకపకా నవ్వాడు. వంటింట్లోంచి వింటున్న తల్లికి కూడా నవ్వొచ్చింది, వచ్చినంత త్వరగానూ పోయింది. పసితనం నుంచీ ఇంట్లో ఏ తగువొచ్చినా తీర్పు చెప్పడం ఆ పిల్లకు అలవాటు, అందుకే తండ్రి అలా పిలుస్తాడు. ఇప్పుడా జడ్జిగారు దిండుకు ఆనుకుని కూర్చోవాలన్నా ఒకరు వీపు వెనక చెయ్యి వెయ్యాలి.

టీవీ కింద ఉన్న పాత గేమ్ మెషీను పని ఎప్పుడో అయిపోయింది. లోపల చోటు నిండిపోయి, ఒక ఆట తీసేస్తేగానీ ఇంకోటి పట్టదు. దానికి తోడు డిస్కు పెడితే లోపల గరగరమని నమిలి మళ్లీ బయటికి కక్కేస్తోంది. ఆయన విప్పి, లెన్సు తుడిచి, మళ్లీ బిగించాడు. ఊళ్లో లిఫ్టులన్నీ ఆయన మాట వింటాయిగానీ ఇది మాత్రం వినలేదు. పిల్ల స్నేహితురాలు తెచ్చిచ్చిన డిస్కు ఒకటి డబ్బాలోనే ఉండిపోయింది. ఓడల మీద తిరిగే కథ అది. మొదటి భాగం ఆడేసింది. ఆ ఓడలో తప్పిపోయిన తమ్ముడు దొరికాడో లేదో ఈ రెండో భాగంలోనే తెలుస్తుంది.

"కథేంటో నీ ఫ్రెండును అడిగితే చెప్తుందిగా," అంది తల్లి ఒకసారి.

"భోంచేసొచ్చినవాళ్లని అడిగితే మన కడుపు నిండుతుందా అమ్మా?"

కొత్తది కొందామని తల్లి అన్నప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు. "ఇప్పుడు కొనేవాడంత తెలివితక్కువవాడు ఇంకోడుండడు. చలికాలం మొదట్లో కొత్త మోడల్ వస్తోంది. నాలుగు రోజులు ఓపిక పట్టలేరా మీరు?"

చలికాలం అనే మాట ఆయన నోట్లో ఎక్కడ పడిందో ఆమెకు తెలుసు. ఆసుపత్రి వరండాలో, మంచినీళ్ల మెషీను పక్కన పడింది. పెద్ద డాక్టరమ్మ వాళ్లిద్దర్నీ అక్కడికి పిలిచి, నిలబడే చెప్పింది.

"ఇకమీదట ఇచ్చే మందులు నొప్పి తెలియకుండా ఉండడానికేనమ్మా. ఇంటికి తీసుకెళ్లండి. ఏదడిగితే అది చేసిపెట్టండి."

తల్లికి అర్థమైంది. ఆయన మాత్రం, "చలికాలం గాలి పడదేమోనండీ, కిటికీలు మార్పించమంటారా?" అని అడిగాడు. డాక్టరమ్మ ఆయన వంక చూసి, ఆవిడ వంక చూసి, "చలికాలం సంగతి ఇప్పుడెందుకండీ," అంది నెమ్మదిగా.

దార్లో ఆయన బండి నడుపుతూ, "విన్నావా, చలికాలం గురించి కంగారు పడొద్దంది," అన్నాడు. అది అబద్ధమని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ రోజు నుంచీ ఆయనకు ఆ పుకార్లే పట్టుకొమ్మలయ్యాయి. వస్తువు చలికాలంలో వస్తుంది, అది పిల్ల కోసం కొనాలి, కాబట్టి పిల్ల చలికాలంలో ఉంటుంది. మనిషి పైకి అనకపోయినా లెక్క అదే. ఈలోగా ఇప్పుడున్న మోడల్ కొంటే ఆ లెక్క చెరిపేసినట్టే.

ఒక మధ్యాహ్నం ఒళ్లు తుడుస్తుంటే పిల్ల ఉన్నట్టుండి అంది. "అమ్మా, నాన్న వాయిదాల మీద వాయిదాలు వేస్తున్నాడు."

"దేనికే?"

"అన్నిటికీ. నువ్వైనా కొనిపెట్టు. కొత్త మోడల్ నాకొద్దు, ఇప్పుడు షాపులో ఉన్నది చాలు." తలుపు వంక చూసి, "నాన్నకి చెప్పకు, బాధపడతాడు," అంది.

తల్లి తడిగుడ్డ గిన్నెలో ముంచి పిండింది. మళ్లీ ముంచి మళ్లీ పిండింది.

ఆమె కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తుంది. మర్నాడు ఏదో హోటలు వాళ్ల పొడుగాటి కర్టెన్లకు అంచు మడిచి కుడుతూ, మెషీను ఆపేసి లేచింది. "తల నొప్పా?" అంది పక్క మెషీను ఆవిడ. "కాదు, పనుంది," అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

గేమ్ మెషీన్లు అమ్మే షాపులో గళ్లచొక్కా వేసుకున్న ఒకాయన రెండు పెట్టెలు తెచ్చి ముందు పెట్టాడు. "ఆటలన్నీ రెండిట్లోనూ ఒకటేనమ్మా. ఇది సన్నగా, తేలిగ్గా ఉంటుంది. ఇంట్లో నెట్టుందిగా?"

ఉందంది. రెండూ చేతుల్లోకి తీసుకుని బరువు చూసింది. ఎప్పుడైనా మంచం మీద దగ్గరికి జరిపినా పిల్లకు బరువు తగలకూడదు. తేలికైనదే తీసుకుంది. ఇంకేమీ అడగాలని ఆమెకు తోచలేదు.

ఇంట్లో అప్పటిదాకా పిల్లకు తోడున్న పక్కింటి పిన్నిగారు పెట్టె చూసి, "ఇంత చిన్నదానికి అంత హంగామానా!" అని వెళ్లిపోయింది. పిల్ల మొహం వెలిగిపోయింది. డిస్కు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మెషీనును అటూ ఇటూ తడిమింది. ముందువైపు చూసింది, పక్కలు చూసింది, తల్లి చేత తిరగేయించి అడుగు కూడా చూసింది.

"అమ్మా," అంది, "దీనికి నోరు లేదే."

"అంటే?"

"డిస్కు పెట్టే చోటు లేదమ్మా. ఇది నెట్లో కొనుక్కున్న ఆటలే ఆడుతుంది." నవ్వబోయింది. అది దగ్గయి చాలాసేపు ఆగలేదు. తల్లి వీపు రాస్తూ, చేతకానిదాన్ని, చేతకానిదాన్ని అని లోపల్లోపల తిట్టుకుంది.

అప్పుడే ఆయన వచ్చాడు. పనిబ్యాగు భుజాన ఉండగానే గుమ్మంలో ఆగిపోయి పెట్టె వంక చూశాడు. భార్యను వంటింట్లోకి రమ్మని సైగ చేశాడు.

"ఎవరు కొనమన్నారు నిన్ను?"

"నేనే కొన్నాను."

"పైగా డ్రైవ్ లేనిది! నన్నొక మాట అడిగితే నీ సొమ్మేం పోయింది? అదొచ్చేదాకా ఆగమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"మీరు ఆగండి."

"ఏంటా మాటలు?"

"మీరెంతకాలమైనా ఆగండి. పిల్ల అంతకాలం ఆగలేదండీ. ఆ డాక్టరమ్మ చెప్పింది మీరు వినలేదా? వినలేదా మీరు?"

గొంతు ఎంత పైకి లేచిందో ఆమెకు తెలియలేదు. గదికీ వంటింటికీ మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, పిల్ల పిలిస్తే వినబడాలని. ఆయన భార్యను కొడతాడేమో అన్నట్టు చూసి, అంతలోనే పొయ్యిగట్టు మీద చేతులాన్చి తల వంచేశాడు. పనిబ్యాగు భుజం మీంచి జారి, లోపలి స్పానర్లన్నీ ఖణేలుమన్నాయి.

"నాన్నా," అని గదిలోంచి వినబడింది. గొంతు మామూలుగానే ఉంది. "బిల్లుంటే మార్చిస్తారు. షాపు మూసేలోపల వెళ్లి రండి ఇద్దరూ. పిన్నిగారిని పిలిచి వెళ్లండి."

ఇద్దరిలో ఎవరికీ పిల్ల మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఆయన మెషీను తెచ్చుకోవడానికి వెళ్లి, నేల చూస్తూ తీసుకుని వచ్చేశాడు.

బండి మీద పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆమె వెనక కూర్చుంది. ఆయన వీపు ఎగిరెగిరి పడుతోంది. అది గతుకుల వల్ల కాదు.

గళ్లచొక్కా ఆయన మంచివాడే. విసుక్కోకుండా పెట్టె విప్పి చూసి, డిస్కు పట్టే మెషీను తెచ్చి పెట్టాడు. భర్త దాని అంచున సన్నటి చీలిక మీద వేలు పెట్టి చూశాడు.

"ఒక మాట చెప్పనా సార్? మనలో మన మాట. చలికాలంలో కొత్త మోడల్ వస్తోందంటున్నారు. స్టోరేజీ ఎక్కువ, డ్రైవ్ విడిగా తగిలించుకోవచ్చంట. కాస్త ఆగితే..."

ఆమె భర్త వంక చూడలేకపోయింది. అవన్నీ అక్షరం పొల్లుపోకుండా ఆయన పొద్దున్నే చదివి వినిపించే మాటలే.

"అవన్నీ పుకార్లండీ," అన్నాడాయన. "ఇది ఇచ్చేయండి."

"మీ ఇష్టం సార్." అతను బిల్లు పుస్తకం తీశాడు. "వారంటీ మామూలుగా ఒక ఏడాది. ఇంకాస్త కడితే మూడేళ్లు వస్తుంది. రాయమంటారా?"

ఆయన గాజుబల్ల కింద వరసగా పేర్చిన వైర్ల వంక చూస్తున్నాడు. చెప్పాల్సింది తనేనని ఆమెకు అర్థమైంది. ఇంట్లో అంత మాట అన్నది తనే. ఇప్పుడు అక్కర్లేదండీ అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. అనేస్తే ఈయన ఇక్కడే, ఈ నలుగురి ముందూ, కూలబడిపోతాడు. ఈయన మాట అలా ఉంచితే, తను మాత్రం నిలబడగలదా?

"మూడేళ్లకే రాయండి," అంది.

"ఎవరి పేరు మీదమ్మా?"

"మా అమ్మాయి పేరు మీద," అన్నాడాయన. ఇంటిపేరుతో సహా కూతురి పూర్తి పేరు, అతను రాసుకునేందుకు వీలుగా, ఒక్కొక్క అక్షరం చెప్పాడు.