ఊదని కొమ్ము

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని నవ్వుతుంది లోకం. హిందూపురం కంచరి నరసింహులు చెవిటివాడై కూడా ఇత్తడి కొమ్ములు చేసేవాడు. నలభై ఏళ్లు పట్టిన సుత్తే ఆయన చెవులు తినేసింది.

రేకు కత్తిరించి, గొట్టంగా చుట్టి, అతుకు వేసి, కరిగిన గుగ్గిలం పోసి, చల్లారాక వంచాలి. గుగ్గిలం లేకుండా వంచితే గొట్టం నలిగిపోతుంది. అంతవరకు చెయ్యి చాలు. కొమ్ము నోరు సాగగొట్టేటప్పుడు మాత్రం దెబ్బదెబ్బకూ రేకు పలికే తీరు విని, మందమెక్కడో పలచనెక్కడో పోల్చుకోవాలి. తేడా వస్తే గొంతు జీరబోతుంది. అక్కడ భార్య యల్లక్కే ఆయనకు చెవులు. ఆడది కొమ్ము ఊదకూడదంటారు. ఆమె తలుపు వేసుకుని ఊదేది. బాగుందని తలూపేది. నాలుగేళ్లుగా ఆ తలూపు మీదే ఆయన బతుకుతున్నాడు, పిచ్చి మనిషి.

ఆ ఏడు, అంటే అరవై ఒకటిలో, పెనుకొండ తిరునాళ్లలో తన కొత్త కొమ్మును ఊదుతుంటే కళ్లారా చూడాలని రైలెక్కాడు. యల్లక్క వద్దని ఎంత బతిమాలినా ఆగలేదు.

ఊరేగింపు ముందర, కొమ్ము ఊదే రామాంజనేయులు దాన్ని నోట పెట్టుకుని ఆకాశానికెత్తాడు. నరసింహులుకు కడుపు నిండిపోయింది. అంతలో, పక్కన పాత కొమ్ము పట్టినవాడి బుగ్గలు ఉబ్బడం, మెడ నరాలు తేలడం చూశాడు. రామాంజనేయులు బుగ్గలు కదల్లేదు.

ఊరేగింపు ముగిశాక అతన్ని పట్టుకుని నిలదీశాడు.

రామాంజనేయులు తలొంచుకుని, పెదవులు తెలిసేలా మెల్లగా చెప్పాడు. "అది పలకదన్నా. ముందు చేసినవీ అంతే. యల్లక్క వచ్చి ఏడ్సె. ఊదకపోయినా ఎత్తి పట్టుకోండప్పా, లేకుంటే ఆ మనిషి బతకడు అనె."

నరసింహులు నిలువునా కుంగిపోయాడు. రైల్లో ముఖానికి తువ్వాలు కప్పుకుని హిందూపురం దాకా ఏడ్చాడు.

గడపలోనే యల్లక్క ఎదురొచ్చింది. ఎలా పలికిందని చేత్తో అడిగింది.

"బాగా పలికె" అన్నాడు. "ఊరంతా తిరిగి చూసె."

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"చేతులు నొస్తాండాయి మే. ఇంక కొలిమి ముట్టిచ్చను."

"అట్లనొద్దు మామా. నీ మాదిరి కొమ్ము చేసేవాళ్లు యాడుండారు?" అంది యల్లక్క.

ఆ పెదవుల మాట ఆయనకు ప్రతి అక్షరమూ తెలిసింది. ఇంకేమి చెబుతుందోనని భయపడి, ఆమె ముఖం మీంచి కళ్లు తిప్పుకున్నాడు.