వచ్చే ఏటి క్షమాపణ

యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పుర్ ఉపవాసం ఇంకో పూటలో మొదలవుతుందనగా, నొప్పించినవాళ్ళ గడప తొక్కి క్షమాపణ అడగాలి. ఆ మనిషి క్షమించనిదే దేవుడూ క్షమించడు. అందుకే కొవ్వొత్తులు పోసే గెట్సెల్ ఈ ఏడూ నీళ్ళు మోసే జుండెల్ ఇంటికి వెళ్ళాడు. జుండెల్‌కి నత్తి. ఊరి ఉమ్మడి స్నానశాలలో ఆ నత్తిని అనుకరించి నలుగురినీ నవ్వించడం గెట్సెల్‌కి అలవాటు. తొమ్మిదేళ్ళుగా అదే పాపం, అదే గడప.

అతను నోరు విప్పేలోపే జుండెల్ తేనె రొట్టె ముక్క చేతిలో పెట్టాడు.

"క్ష... క్షమించాన్రా తమ్ముడూ. వచ్చే ఏటిది కూడా క... కలిపి క్షమించేశా. మళ్ళీ ఇంత దూరం నడవడం ఎందుకు?"

ఆ మాటలో వెటకారమైనా లేదు. వీడిక మారడని నిజంగానే ఖాయం చేసుకున్నాడన్నమాట. గెట్సెల్‌కి తల కొట్టేసినట్టయింది.

"వచ్చే ఏటిది మాత్రం క్షమించకు, అన్నా."

"ఏం? మా... మానేస్తావా?"

మానేస్తానని ఒట్టు పెట్టబోయాడు. సిగ్గుతో నాలుక తడబడింది.

"మా... మా... మానే..."

జుండెల్ మొహం వాడిపోయింది.

"ఇ... ఇవాళ కూడానా, తమ్ముడూ?"