మంగళవారం పేజీ

తువ్వాళ్లు మడతపెట్టేటప్పుడు ఆమె కుడిచేతి బొటనవేలిని పక్కన పెట్టి మిగిలిన నాలుగు వేళ్లతోనే పని కానిస్తోంది. రోజుకు పన్నెండు తువ్వాళ్లు, ఆరు దుప్పట్లు. ఆమె మసాజ్ షాపులో ఉన్న ఒక్క కుళాయిలో నీళ్లు దారంలా వస్తాయి కాబట్టి ఉతకడం, ఆరెయ్యడం, మడతపెట్టడం అన్నీ ఇంట్లోనే. ఇంట్లో చేస్తుంది కాబట్టి దీన్ని షాపు పని అని ఎవరూ అనుకోలేదు. షాపు బట్టలు కాబట్టి ఇంటి పని అని కూడా ఒప్పుకోలేదు. ఎటూ చెందని గంటన్నర అలా ఆమె రోజులో ఆరేళ్లుగా అనాథలా పడి ఉంది.

"మంగళవారం సాయంత్రం మా మేనేజర్‌గారు వస్తున్నారు," అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "ఆయనకి మెడ పట్టేసిందట. మా ఆవిడ చేతిలో ఏదో మహత్యం ఉంది సార్, ఒక్క గంట చాలు అన్నాను. నీ పుస్తకంలో రాసేశాలే."

తువ్వాలు రెండో మడత దగ్గర ఆగింది.

"మగవాళ్లకి చెయ్యనని బోర్డు మీదే రాసుకున్నానండీ."

"షాపుకి ఎవరు రమ్మన్నారు? ఇంటికే. మంగళవారం నీకు ఖాళీయేగా!"

ఆమె లేచి సంచీలోంచి అపాయింట్‌మెంట్ల పుస్తకం తీసింది. ఆ పుస్తకంలో పేర్లు పెన్సిల్‌తో రాయడం ఆమెకు అలవాటు. మసాజ్ షాపు పెట్టిన మొదటి ఏడాదే నేర్చుకున్న పాఠమది. "దారిలో ఉన్నానండీ" అన్నవాళ్లు ఆ దారిలోనే ఎక్కడో స్థిరపడిపోతారు. "చచ్చిపోతున్నా, ఇవాళే చూడండి" అన్న నడుంనొప్పావిడ, తీరా టైముకి, చుట్టాలొచ్చారని మెసేజ్ పెడుతుంది. అందుకే అందరూ పెన్సిల్. తప్పకుండా వస్తారని నమ్మకం కుదిరిన నలుగురైదుగురికి మాత్రమే పెన్ను. అందులో చేరడానికి మనిషికి ఏడాది పడుతుంది. భర్తగారు వాళ్ల మేనేజర్‌ని ఒక్క సాయంత్రంలో పెన్నులోకి ఎక్కించేశాడు. పైగా ఎర్ర పెన్ను. కింద రెండు గీతలు.

ఈ మనిషేనా, అనుకుంది. షాపు పెడతానన్న రోజున, "మనింటి ఆడది ఊళ్లోవాళ్ల ఒళ్లు పట్టడం ఏంటి, పరువుండక్కర్లా?" అన్న మనిషి. పెట్టాక, ఎవరైనా అడిగితే "మా ఆవిడ హెల్త్ సైడ్‌లో ఉంది" అని, ఆ సైడ్ ఏదో చెప్పకుండా మాట మార్చేసే మనిషి. ఆరేళ్లలో ఒక్కసారి కూడా షాపు మెట్లెక్కలేదు. బిల్డింగ్ ఓనరు బోర్డు మీద మసాజ్ అన్న మాట ఉంటే ఒప్పుకోనని, పై అంతస్తులో కుటుంబాలున్నాయని అడ్డం పడ్డప్పుడు, "ఆయనన్నదాంట్లో తప్పేముంది?" అన్నది ఈయనే. మాట మార్చి నొప్పుల చికిత్స అని రాయించుకుంటే, ఆ బోర్డు మీది నంబరు చూసి "మేడమ్, స్పెషల్ ఏమైనా ఉందా?" అని గొంతు తగ్గించి అడిగే వెధవలు వారానికి ఇద్దరు. వాళ్లకు సమాధానం చెప్పాల్సిందీ ఆమే. అప్పుడు ఈయన, "నేను ముందే చెప్పానా?" అన్నాడు. చెప్పడం ఆయన వంతు, పడడం ఆమె వంతు. అలా పరువు పోతుందని ఆరేళ్లు భయపడిన పనే, ప్రమోషన్ లిస్టు తయారయ్యే నెలలో మహత్యం అయింది.

అసలు మంగళవారం షాపుకి సెలవు పెట్టుకున్నది చేతుల కోసం. కానీ ఇంట్లోవాళ్లకు సెలవంటే ఖాళీ అని అర్థమైంది. ఉదయం అత్తగారి మోకాళ్లు. ఆ వెనకే ఆడపడుచు భుజం, ఆవిడతోపాటు ఆవిడ భర్త నడుము. మధ్యాహ్నం భోజనాలయ్యాక భర్త వీపు. హాల్లో మడత టేబుల్ వేసి ఒకరి తర్వాత ఒకరికి నూనె రాస్తుంటే, "ఇంట్లోవాళ్లేగా, బయటివాళ్లకి చేసినంత గట్టిగా చెయ్యక్కర్లేదులే" అని పెద్దమనసు చేసుకుంటారు.

వేళ్లకు అబద్ధాలు తెలియవు. ఎవరు ఎంత పని చేస్తారో ఒళ్లు చెప్పేస్తుంది. ఆడపడుచు భర్త "పని ఒత్తిడమ్మా, నడుం విరిగిపోతోంది" అంటాడు. ఆ నడుం మీద చెయ్యి వేస్తే రాత్రంతా నానిన పిండిలా దిగిపోతుంది. భర్తగారి వీపు ఇంకా అట్టపెట్టెలోంచి తియ్యని కొత్త సామాను. ఇరవై ఏళ్ల సంసారం మోస్తున్నానని చెప్పుకునే ఆ వీపులో, మోసిన గుర్తు ఒక్కటి కూడా ఆమె వేళ్లకు దొరకలేదు. ఒక్క అత్తగారి ఒళ్లే వేరు. మోకాళ్లు చూపిస్తూనే, "ఈ మాత్రం పట్టడానికి కోర్సు చదవాలా?" అని దెప్పే మనిషి. కానీ ఓసారి పైట జారితే సర్దబోయి భుజం తగిలింది. చెక్క. నలభై ఏళ్ల బిందెలూ రుబ్బుడూ పిల్లలూ అందులో పొరలు పొరలుగా గడ్డకట్టి ఉన్నాయి. ఆ తర్వాత ఆవిడ దెప్పినా ఆమెకు పెద్దగా కోపం రాలేదు. కోపం తెచ్చుకోవాల్సిన ఒళ్లు వేరే ఉన్నాయిగా.

పోయిన వారమే ఆమె డాక్టరు దగ్గరకు వెళ్లొచ్చింది. ఆయన బొటనవేలి మొదలు నొక్కి చూసి, ఎక్స్‌రే లైటుకేసి పట్టుకుని, "వారానికి ఒక రోజైనా దీనికి పూర్తి సెలవు ఇవ్వండి. లేదంటే ఏడాది తిరక్కముందే షాపు మూసుకోవాల్సి వస్తుంది. తర్వాత చెంబు పట్టుకోవడం కూడా కష్టమే," అన్నాడు. వేలినీ మణికట్టునూ కలిపి కట్టుకునే గట్టి పట్టీ ఒకటి ఇచ్చాడు. ఇంటికొచ్చి చెప్పింది.

"అయితే షాపులో కొంచెం తగ్గించుకో," అన్నాడు భర్త.

"మంగళవారం మానేస్తాననుకుంటున్నా."

"మరి అమ్మ మోకాళ్ల సంగతో?" అన్నాడు వెంటనే. అమ్మ పేరు చెప్పి తన వీపు దాచుకోవడం ఆయనకు చిన్నప్పట్నుంచీ ఉన్న విద్య.

మంగళవారం సాయంత్రం ఐదింటికి మేనేజర్‌గారు వచ్చారు. పెద్ద ఒళ్లు, చిన్న గొంతు, మెడ ఒక పక్కకే తిరుగుతోంది. అందువల్ల ఇంట్లో ఎవరితో మాట్లాడినా గోడతో మాట్లాడుతున్నట్టుంది. హాల్లో టేబుల్ వేసి ఉంది. తెల్లటి దుప్పటి, నాలుగు తువ్వాళ్లు, గోరువెచ్చటి నూనె. ఏర్పాట్లు చూసి భర్త మొహం వెలిగింది. ఆమె లోపల్నుంచి వచ్చేదాకా.

"అయ్యో, చేతికేమైందమ్మా?" అన్నారు మేనేజర్‌గారు, పట్టీ చూసి.

"వేలు అరిగిపోయింది సార్. మంగళవారం ఎవర్నీ పట్టుకోవద్దన్నాడు డాక్టరు," అంది ఆమె, ఎంతో నొచ్చుకుంటూ. "కానీ మీకేం లోటు రాదు. మావారున్నారుగా!"

"ఎవరూ, ఇతనా?"

"ఆరేళ్లుగా పక్కనుండి నడిపిస్తున్నారు సార్. నాకన్నా మెత్తటి చెయ్యి."

"సార్, అదీ... నేనేదో సరదాకి..." అన్నాడు భర్త. ఆయన కళ్లు ఆమె వైపు తిరిగి ఒక పెద్ద వాక్యం అన్నాయి. ఆమె దాన్ని చదవలేదు.

"చూశారా, ఎంత మొహమాటమో! పొగిడితే ఒప్పుకోరు."

"ఎప్పుడూ చెప్పలేదేవయ్యా!" అంటూ మేనేజర్‌గారు అప్పటికే చొక్కా విప్పేశారు. నొప్పితో ఉన్న మనిషికి ఎవరి చెయ్యైతేనేం?

ఆమె కుర్చీ లాక్కుని, పట్టీ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ హాల్లో మంగళవారం పూట ఆమె కూర్చోవడం ఇదే మొదలు.

"నూనె ముందు మీ చేతుల్లో వేడెక్కించండి. ఆ... బొటనవేలు వాడకండి, నాలా పాడైపోతుంది. అరచెయ్యి. మెడ నుంచి భుజం దాకా. లేదండీ, గిలిగింతలు పెట్టినట్టు కాదు, బరువెయ్యాలి."

పది నిమిషాలకు భర్తగారి చొక్కా వీపుకు అతుక్కుంది. ఇరవై నిమిషాలకు ఊపిరి వినిపించింది. మేనేజర్‌గారు మాత్రం హాయిగా గురక మొదలుపెట్టారు.

"నిద్రపోయారే. ఆపెయ్యనా?" అన్నాడు, గుసగుసగా.

"అమ్మో! నిద్రపోయినవాళ్లకి చెయ్యి తీస్తే ఇట్టే తెలిసిపోతుందండీ. గంటని మీరే రాశారు కదా. ఇంకా నలభై నిమిషాలుంది."

వంటింటి గుమ్మం దగ్గర అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. కొడుకు ఒక మనిషికి సేవ చెయ్యడం ఆవిడ జన్మలో మొదటిసారి చూస్తోంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని ఆమె ఒక్క క్షణం భయపడింది. కాదు.

గంట అయింది. మేనేజర్‌గారు లేచి మెడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. రెండు పక్కలకీ తిరిగింది. ఆ ఆనందం పట్టలేక, "నీ చేతిలో ఇంత విద్య పెట్టుకుని ఫైళ్ల మీద పడి ఉన్నావేంటయ్యా! వచ్చే మంగళవారం ఇదే టైముకి వస్తా. అసలు వారం వారం వస్తే పోలా?" అన్నారు. భర్త నవ్వాడు. ప్రమోషన్ లిస్టు ఉన్న చోట మనిషి అంతకన్నా ఏం చెయ్యగలడు?

ఆయన వెళ్లాక తలుపు వేసి, భర్త ఇటు తిరిగి నోరు తెరిచాడు. అంతలో గుమ్మం దగ్గర్నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఒరేయ్, చెయ్యి కడుక్కోకు. ఎలాగూ నూనె ఉందిగా, నా మోకాళ్లు కూడా చూడు." పైట సర్దుకుంటూ, "ఆ తర్వాత భుజాలు," అంది.

భర్త తల్లినీ, భార్యనూ, తన అరచేతుల్నీ వరసగా చూసుకున్నాడు. ఎటువైపు నుంచీ సాయం రాలేదు.

ఆమె అపాయింట్‌మెంట్ల పుస్తకం ఒళ్లో పెట్టుకుని మంగళవారం పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. పెన్సిల్ పక్కన పెట్టేసి, ఎడమచేత్తో ఎర్ర పెన్ను తీసుకుంది. అక్షరాలు వంకర టింకరగా వచ్చాయి కానీ స్పష్టంగానే ఉన్నాయి. ఐదింటికి మేనేజర్‌గారు. ఆరింటికి అత్తయ్య. అలా ఏడాది చివరిదాకా. ప్రతి పేజీ అడుగున, చేసేవారు: మావారు అని రాసి రెండేసి గీతలు గీసింది.

తర్వాత టేబుల్ మీది నాలుగు తువ్వాళ్లూ తీసి ఆయన భుజాన వేసింది.

"ఇవి నూనె తువ్వాళ్లు. వేణ్నీళ్లలో నానబెట్టి రెండుసార్లు ఉతకాలండీ," అంది.